మూడు చుట్ల టేపు

కిందటి వారం నా నోరు జారింది. కథ అక్కడ మొదలైంది.

‘ఇనుపకోళ్ళు’ అనే రాక్ బ్యాండు పాటలు పన్నెండింటిని పన్నెండుమంది వేరే గాయకులు ఎవరి పద్ధతిలో వాళ్ళు పాడుతున్నారు. అన్నీ కలిపి ఒక ఆల్బం. బ్యాండులో ఇప్పుడు మిగిలింది గాయకుడొక్కడే. జనం అతన్ని పుంజు అంటారు. అతను విని సంతకం పెడితేనే ఏ పాటైనా ఆల్బంలోకి వెళ్తుంది. పన్నెండో పాట మా అన్న కూతురికి దక్కింది. అది అన్నిటికన్నా పేరున్న పాట, ‘గంటన్నర ఆలస్యం’.

రికార్డు పెట్టుకుని గిటారు శ్రుతి చేసుకుంటుంటే ఆ పాట ఏ మెట్టు మీదా కూర్చోవడం లేదని ఆమె విసుక్కుంది. నేను పక్కనే ఆంప్లిఫయరు విప్పుకుని తీగ అతుకుతున్నాను. తల ఎత్తకుండానే అన్నాను.

"వేగం నూటికి ఐదు తగ్గించు. కూర్చుంటుంది."

టేపు యంత్రాలు బాగుచేసేవాడి నోట అలాంటి అంకెలు అలవాటుగా వస్తాయి. కానీ ఆ అంకె తెలిసినవాళ్ళు ఇద్దరమే మిగిలాం. నేనొకణ్ణి, పుంజు ఒకడు. ఆమె ఆ పూట ఏమీ అడగలేదు. మూడు రోజుల తర్వాత ఫోను చేసింది.

"మంగళవారం మూడింటికి స్టూడియోకి రా బాబాయ్. పుంజు సార్ నా పాట వినడానికి వస్తున్నారు. నువ్వూ ఉండాలి."

"నేనెందుకమ్మా?"

"వస్తే నీకే తెలుస్తుంది."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది.

* * *

మంగళవారం రెండున్నరకే వెళ్ళాను.

ఆ స్టూడియోలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు పాత యంత్రాలు మొరాయిస్తేనే పిలుస్తారు. వినే గది చిన్నది. గోడలకు మందపాటి గుడ్డ, నేలకు తివాచీ, ఎదురుగా రెండు పెద్ద స్పీకర్లు. వాటి మధ్య వెడల్పాటి అద్దం. అద్దానికి అవతల పాడే గది. పాడే గదిలో దీపం లేదు. అద్దంలో మా మొహాలే మాకు కనిపిస్తున్నాయి.

"అవతల బల్బు పోయినట్టుంది. చూసిరానా?" అన్నాను.

"ఉండనీ బాబాయ్. నువ్వు కూర్చో."

"రెండు నిమిషాల పని."

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాను. మా అన్న కూతురు మెత్తగా మాట్లాడే పిల్ల. ఆ రోజు గొంతులో ఇసుక ఉంది. జుట్టు గట్టిగా ముడివేసుకుంది. మీటల బల్ల ముందు కూర్చుని వేళ్ళు విరుచుకుంటోంది. నా వైపు చూడటం లేదు.

పుంజు మూడింటికి రావాల్సినవాడు మూడుంపావుకి వచ్చాడు. డెబ్బై దాటాయి. జుట్టు మాత్రం కాకి నల్లన. మెడకు ఎప్పటిలాగే ఎర్ర మఫ్లరు. వెనక కంపెనీ మేడమ్, చేతిలో అట్ట, అట్టకు బిగించిన కాగితాలు. ఆల్బం బాధ్యత ఆమెది. పన్నెండు గడుల్లో పదకొండింటికి సంతకాలు అయిపోయాయి.

పుంజు నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఓరి మేస్త్రీ! నువ్వింకా ఉన్నావా?"

"ఉన్నాను."

"అదే ఒక్క మాట! ముప్పై ఎనిమిదేళ్ళలో రెండో మాట నేర్చుకోలేదా?"

కంపెనీ మేడమ్ నవ్వింది. నేను నవ్వలేదు. పుంజు నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచి కుర్చీలో వెనక్కి వాలాడు. మా అన్న కూతురి వైపు తిరిగాడు.

"అయితే నువ్వేనా మా పాత దోస్తు కూతురివి? మీ నాన్న ఎలా ఉన్నాడమ్మా? ఆపరేషన్ అయిందని విన్నాను."

"రెండేళ్ళయింది సార్. గొంతుపెట్టె తీసేశారు. మాట లేదు."

"అయ్యో." మఫ్లరు సర్దుకున్నాడు. "మొదట్లో బ్యాండులో మేం ఇద్దరమే కదా. తర్వాత ప్రెస్సులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. బంగారంలాంటి మనిషి."

"తెలుసు సార్."

ఆ "తెలుసు" నాకు నచ్చలేదు.

మేడమ్ వాతావరణం తేలిక చెయ్యాలని మిగతా పాటల సంగతి ఎత్తుకుంది. ఒకాయన పదహారు వయొలిన్లు పెట్టాడట. పెళ్ళికి వచ్చినవాళ్ళంతా భోజనాల దగ్గర ఏడ్చేటట్టుందట. ఒకమ్మాయి అసలు పాడకుండా గబగబా మాటలు చెప్పిందట. ఇంకొకరు నలభైమంది చిన్నపిల్లల చేత పాడించారట.

"పిల్లలు కూడా ఆ ‘టిక్’ పెట్టారు సార్! నలభైమంది ఒకేసారి. భలే ముద్దొచ్చింది."

పుంజు మొహం విప్పారింది.

ఆ ‘టిక్’ సంగతి చెప్పాలి. ‘గంటన్నర ఆలస్యం’ రికార్డులో మూడో చరణానికి ముందు గొంతు పైకి లేవబోతుండగా నాలుక అంగిలికి కొట్టిన చిన్న చప్పుడు ఉంటుంది. పాట తెలిసినవాళ్ళందరికీ ఆ చప్పుడు తెలుసు. జనం దాన్ని పుంజు సంతకం అంటారు. ఆ పాట ఎవరు పాడినా అక్కడ అది పెట్టి తీరుతారు. ఈ ఆల్బంలో అయితే మిగతా పదకొండు పాటల్లో కూడా ఎక్కడో ఒకచోట మర్యాదకి పెట్టారట.

"ఒకాయన నాలుగు చోట్ల పెట్టాడు," అంది మేడమ్. "బల్లి అరిచినట్టుంది."

"పెట్టనీ, పెట్టనీ. ప్రేమ కొద్దీ పెట్టాడు. సరే అమ్మాయ్, నీది వినిపించు మరి. దీనితో పని అయిపోతుంది."

ఆమె మీట నొక్కింది.

* * *

గిటారు ఒక్కటే. తర్వాత ఆమె గొంతు.

పొగడటం నాకు రాదు. ఆమె పాటను తొందరపెట్టలేదు. బస్టాండులో ఎవరికోసమో గంటన్నర నిలబడి, ఇక రారని తెలిసి కూడా ఇంకో బస్సు చూద్దామనుకునే మనిషి పాట అది. రికార్డులో ఆ మనిషికి కోపం ఉంటుంది. ఈమె పాడితే కోపం లేదు. కాళ్ళ నొప్పి ఉంది. రెండో చరణం అయ్యేసరికి మేడమ్ అట్ట ఒళ్ళో పెట్టేసి కళ్ళు మూసుకుంది. పుంజు వేలితో కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తున్నాడు.

మూడో చరణం దగ్గరికి వచ్చింది. గిటారు ఆగింది. గొంతు ఆగింది.

ఏమీ లేదు.

లెక్కపెడితే నాలుగు క్షణాలు ఉంటుందేమో. ఆ గదిలో నాలుగు క్షణాలు చాలా పొడుగు. స్పీకర్లలో గాలి కూడా లేదు. తర్వాత ఆమె గొంతు పైకి లేచింది. పాట చివరిదాకా నడిచింది. అయిపోయింది.

మేడమ్ కళ్ళు తుడుచుకుంది. పుంజు తాళం వెయ్యడం ఎప్పుడో ఆపేశాడు.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది. టిక్ ఏది?"

"లేదు సార్."

"మర్చిపోయావా?"

"లేదు సార్. చోటు వదిలాను."

"చోటు వదలడమేమిటి? పదకొండుమంది పెట్టారు. అసలు పాట నీ చేతిలో ఉంది, నువ్వు పెట్టవా?"

"మీరే పెడతారని వదిలాను. మీ సంతకం కదా." చిన్న మైకు ఒకటి బల్ల మీంచి అతని ముందుకు జరిపింది. "ఒక్కసారి సార్. టిక్."

మేడమ్ చప్పట్లు కొట్టింది. "అబ్బ! అది మాత్రం అదిరిపోతుంది. పుంజు గారి చేతే!"

పుంజు నవ్వాడు. నోరు తెరిచాడు. మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి నాలుక కొట్టాడు. తడిగుడ్డ నేలమీద పడ్డట్టు వచ్చింది చప్పుడు. ఇంకోసారి కొట్టాడు. అంతే.

"నోరు ఎండిపోయింది. మంచినీళ్ళు ఇవ్వు."

ఆమె ఇచ్చింది. అతను తాగాడు. మైకు వైపు మళ్ళీ వంగలేదు.

"సార్, మీ స్టేజి ప్రోగ్రాములు దొరికినవన్నీ విన్నాను. అరవై రెండు. ఒక్కదాంట్లో కూడా మీరు నాలుకతో కొట్టలేదు. ప్రతిసారీ డ్రమ్ములాయనే కర్రలతో కొట్టాడు."

"స్టేజి మీద మైకుకి అందదు అది."

"అంటే ఒక్క రికార్డులోనే అందిందా సార్?"

"అమ్మాయ్." నవ్వు పోయింది. "నీకేం కావాలి?"

ఆమె కంప్యూటర్లో ఇంకో పాట తెరిచింది. మీట ఒకటి కిందకు జరిపింది. అంకె నాకు కనిపించింది. ఐదు.

నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. తలుపు నా వెనకే ఉంది. లేవలేదు.

పాట మొదలైంది. ‘గంటన్నర ఆలస్యం’. అందరికీ తెలిసిన రికార్డే. డ్రమ్ములు కాస్త బరువెక్కాయి. గిటార్లు ఒళ్ళు విరుచుకుని సరిగ్గా తమ మెట్ల మీదికి దిగాయి. తర్వాత గొంతు వచ్చింది.

పుంజు గొంతు సన్నం. అంచు ఉంటుంది, రేకు కోసినట్టు. ఈ గొంతు అది కాదు. ఇది వెడల్పు. అడుగున కొంచెం గరుకు. మాట చివర ఊపిరి వదిలేసే గొంతు. ఇంట్లో మా అమ్మ పక్కలు దులుపుతుంటే వెనక నుంచి పాడే గొంతు. నా చిన్నప్పుడు నన్ను నిద్రలేపిన గొంతు.

ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత మా అన్న పాడుతుంటే విన్నాను.

మూడో చరణానికి ముందు నాలుక చప్పుడు. నెమ్మదించాక అది ‘టిక్’ కాదు. ‘ట్చ’.

ఆమె ఆపేసింది.

"ఆ చప్పుడు మా ఇంట్లో రోజూ వినబడుతుంది సార్," అంది. "మాట పోయాక మా నాన్నకి మిగిలిన చప్పుడు అదొక్కటే. ఒకసారి కొడితే మంచినీళ్ళు. రెండుసార్లు కొడితే ఇటు రా. మూడుసార్లు కొడితే టీవీ కట్టెయ్."

* * *

మేడమ్ అందరికంటే ముందు మాట్లాడింది. పాపం, ఏదో ఒకటి అనాలి కదా.

"ఇదేదో కంప్యూటర్ మాయ అయ్యుంటుంది. వేగం మారిస్తే ఎవరి గొంతైనా..."

"మీరు కాస్త బయట టీ తాగి రండి మేడమ్," అన్నాడు పుంజు.

"నాకు టీ పడదు సార్."

ఆమె కదల్లేదు. పైగా కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది.

పుంజు మఫ్లరు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని మెడ నేనెప్పుడూ చూడలేదు. కోడి మెడలాగే ఉంది, ముడతలు పడి.

"ఈ పాట ఆల్బంలో ఉండదు," అన్నాడు. "పదకొండు పాటలతో వస్తుంది. నీ పాట నీ దగ్గరే ఉంచుకో. ఇది బయట ఎక్కడైనా వినిపిస్తే లాయర్లు మాట్లాడతారు."

"సరే సార్."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

"నాకు ఆల్బం అక్కర్లేదు. మొదట కావాలనిపించింది, అబద్ధమెందుకు. పాట చేతికొచ్చిన రోజు మా ఆయన్ని లేపి మరీ గంతులేశాను. ఇప్పుడు నాకు ఒక్క మాట చాలు. ఆ గొంతు ఎవరిదో మీ నోటితో చెప్పండి. మా నాన్న బతికుండగా చెప్పండి."

"చెప్తే నాకేం మిగులుతుంది?"

"ఏమో సార్. నాకు మాత్రం నాన్న గొంతు మిగులుతుంది. నేను పుట్టేసరికే ఆయన పాడటం మానేశాడు. ఎందుకు మానేశాడో తెలుసా మీకు?"

"డ్యూటీలు. సంసారం."

"కాదు. మీ రికార్డు విని." ఆమె ముందుకు వంగింది. "ఆ పాట ముందు తను పాడి చూపించాడు, తర్వాత మీరు పాడారు, అని మా అమ్మకి చెప్పాడు. ‘వాడు నాకంటే బాగా పాడాడు, ఇంక నేనెందుకు’ అన్నాడట. అంతే. మళ్ళీ నోరు విప్పలేదు. తన గొంతు విని తనే ఓడిపోయాననుకున్నాడు సార్ మా నాన్న!"

పుంజు లేచి నిలబడ్డాడు. కోపంతో లేచాడనుకున్నాను. కాదు. మొహంలో రక్తం లేదు.

"ఆగు," అన్నాడు. "ఆగమ్మా. ఆయనకి తెలియదా?"

"ఏం తెలియాలి?"

"గొంతు తనదేనని తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? ఎవరు చెప్పారు?"

పుంజు ఆమెను చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు.

"మేస్త్రీ. ఏమిటిది?"

నేను తివాచీ వైపు చూశాను.

"ఆయన ఒప్పుకున్నాడన్నావు. ఇంటికెళ్ళి అడిగొచ్చానన్నావు. ‘సరే కానివ్వండి, నా పేరు అక్కర్లేదు’ అన్నాడని నాకు చెప్పావు. ఆ మాట మీదే కదయ్యా నేను ముప్పై ఎనిమిదేళ్ళు నిద్రపోయింది?"

ఆమె నా వైపు తిరిగింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి.

"బాబాయ్?"

* * *

చెప్పాను. నా జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

రికార్డు చేసేనాటికి ఊళ్ళు తిరిగి పాడి పాడి పుంజు గొంతు పూర్తిగా పోయింది. వాయించేవాళ్ళకు పాట దారి తెలియాలి కదా. అందుకని మా అన్నను పిలిచారు. అన్న ప్రెస్సులో రాత్రి డ్యూటీ దిగి, చేతులకు సిరా మరకలతోనే వచ్చి ఒక్కసారి పాడి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ గొంతు చెరిపేసి పుంజు గొంతు పెట్టాలి. అదీ అనుకున్నది. పుంజు గొంతు వారం గడిచినా రాలేదు. రికార్డు అచ్చుకు వెళ్ళాల్సిన రోజు వచ్చింది.

"ఆలోచన నీదే," అన్నాడు పుంజు.

"నాదే," అన్నాను.

టేపును లాగే ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది యంత్రంలో. చిటికెన వేలంత కూడా ఉండదు. అది లావెక్కితే టేపు వడిగా నడుస్తుంది. వడిగా నడిస్తే గొంతు సన్నమవుతుంది. టేపు ముక్కలు అతికే తెల్లటి పట్టీ తీసుకుని ఆ కడ్డీకి చుట్టాను. ఒక చుట్టు చుడితే చాల్లేదు. రెండు చుడితే అన్న గొంతే ఇంకా. మూడో చుట్టుకి స్పీకరులో పుంజు పాడాడు.

ఆ క్షణంలో స్టూడియోలో ఉన్నవాళ్ళంతా నా వీపు తట్టారు. మా ఇంట్లో ఎప్పుడూ అన్న వీపే తట్టేవారు.

"వెళ్ళి అడిగిరా అన్నాను నేను," అన్నాడు పుంజు. "ఆయన వద్దంటే ఆపేద్దామన్నాను. అన్నానా లేదా?"

"అన్నావు."

"మరి?"

"వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట. తలుపు ఓరగా వేసి ఉంది. డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. మోచెయ్యి కళ్ళ మీద పెట్టుకుని. గుమ్మంలో నిలబడ్డాను."

"లేపలేదా?" అంది ఆమె.

"లేపలేదు."

"నిద్ర పాడవుతుందనా?"

అవునంటే సరిపోయేది. ముప్పై ఎనిమిదేళ్ళు నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ ఆమె కళ్ళు మా అన్న కళ్ళే.

"కాదు. అడిగితే కాదంటాడేమోనని. కాదంటే ఆ మూడు చుట్లు విప్పెయ్యాలి. ఆ పాటలో మా అన్న గొంతుకంటే నా మూడు చుట్లే గొప్పవనిపించింది ఆ పూట. తిరిగొచ్చి సరే అన్నాడని చెప్పాను."

మేడమ్ చేతిలో పెన్ను మూత తీసి పెట్టడం, తీసి పెట్టడం వినబడుతోంది.

"రికార్డు వచ్చాక నాన్న నీతో ఏమన్నాడు?"

"భోజనం దగ్గర అన్నాడు. ‘బాగా పాడాడురా వాడు. నాకంటే బాగా.’ నా మొహంలోకి చూస్తూ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మంచినీళ్ళు అందుకోమన్నాను."

ఆమె లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా పక్కనుంచి నడిచి వెళ్ళి గోడకు నుదురు ఆనించి నిలబడింది.

పుంజు కుర్చీలో కూలబడ్డాడు. అతని గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నీకు తెలుసా అమ్మాయ్, ఆ పాట నేను స్టేజి మీద పాడాలంటే నేర్చుకోవాల్సి వచ్చింది. రికార్డు పెట్టుకుని, నీలాగే. ఊపిరి ఎక్కడ తీశాడు, మాట ఎక్కడ వదిలాడు. ఎన్నేళ్ళు పాడినా సరిగ్గా రాలేదు. ఈ పదకొండుమందీ నన్ను చూసి పాడామనుకుంటున్నారు. మొట్టమొదటి నకలు నాదే." మఫ్లరు చేతికి చుట్టుకున్నాడు. "కానీ ఆయన ఇష్టపడి ఇచ్చాడని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను."

మేడమ్ మెల్లగా అంది, "సార్, సంతకం సంగతి..."

"ఎవరి సంతకమమ్మా?" అన్నాడు పుంజు. "ఇందులో నా సంతకానికి పనేముంది?"

ఆమె గోడ దగ్గర నుంచి తిరిగింది. ఏడవలేదు. మొహం మాత్రం ఏడ్చి లేచినట్టుంది.

"బాబాయ్, ఇదంతా నాకు చెప్పావు. నాకు చెప్పి ఏం లాభం?"

"అన్నకి చెప్తాను. రేపు ఇంటికొచ్చి చెప్తాను."

"రేపా?"

ఆ మాట అంటూ ఆమె చూసింది నన్ను కాదు. మీటల బల్లను. నేనూ చూశాను.

బల్ల చివర, ఎడమ పక్క, చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. ఈ గదిలో మాట అవతలి గదికి వినబడేట్టు చేసే మైకు దీపం అది. పాడేవాళ్ళు చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోనుల్లోకి మన మాట వెళ్తుంది. ఆ దీపం వైరు నేనే అతికాను, ఎన్నిసార్లో. గదిలోకి రాగానే అందరికంటే ముందు నేను చూడాల్సింది. నేను వచ్చినప్పటి నుంచీ అది వెలుగుతూనే ఉంది.

స్పీకర్లలో చప్పుడు వచ్చింది.

ట్చ.

మేడమ్ ఉలిక్కిపడి అట్ట కింద పడేసింది. పుంజు లేవబోయి లేవలేకపోయాడు.

ట్చ.

రెండుసార్లు. ఇటు రా.

మా అన్న కూతురు గోడ మీద మీట నొక్కింది. అద్దానికి అవతల దీపం వెలిగింది. బల్బు పోలేదు.

మా అన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోనులు. మెడ దగ్గర తెల్లటి గుడ్డ. ముందు మైకు. పాటలో ఆమె వదిలిన ఆ ఖాళీ చోటు ఎవరికోసమో అప్పుడు అర్థమైంది. ఒళ్ళో పలక, చేతిలో బలపం. మోకాలి మీద పలక ఆనించి రాస్తున్నాడు. తొందర లేదు. ప్రెస్సులో అక్షరాలు పేర్చిన చెయ్యి. ప్రతి అక్షరం నిండుగా రాస్తాడు.

ఈసారి నేను లేచాను. అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా ఇద్దరి మధ్య జానెడు గాజు.

అన్న రాయడం ముగించి పలక ఎత్తి అద్దానికి ఆనించాడు. నన్నే చూస్తున్నాడు. కోపం లేదు. కోపమే ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

చదువులో నేను మూడో తరగతి దాటలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. అందుకని ఆ మాటలు నా లోపలికి ఒక్కొక్కటే వచ్చాయి.

ఆ రోజు. నేను. నిద్రపోలేదు.